వచ్చే ఏడాదికి హోమ్‌స్కూల్ హిస్టరీ, జాగ్రఫీ ఎలా ఎంచుకోవాలి: సిక్కోలు, విజయనగరం వైపు తల్లిదండ్రులకి

మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఇంట్లో పిల్లల్ని చదివించుకునే వాళ్ళందరం ఒకరినొకరు అడిగేది ఒకటే, వచ్చే ఏడాదికి ఏటి కొంటున్నారు అని. లెక్కలకి, ఇంగ్లీషుకి సమాధానం బేగి దొరికిపోద్ది, హిస్టరీ జాగ్రఫీ దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగిపోతారు. లెక్కలు ఏ దేశంలో అయినా ఒకటే కానీ చరిత్ర, భూగోళం అలా కాదు, పిల్లలు ఎక్కడ ఉన్నారో అక్కడి నుంచి మొదలైతేనే అవి బుర్రలో నిలుస్తాయి. అందుకని నేను చెప్పేది ఏటంటే, ప్యాకేజీ కొనకముందు మీకు దగ్గర్లో పారే ఏరు ఏదో చూసుకోండి, వంశధారో నాగావళో చంపావతో, దాని చుట్టూ ఏడాది ప్లాన్ వేసుకోండి, పుస్తకాలు దానికి తగ్గట్టు తెచ్చుకోండి. ఎలాగో వివరంగా రాస్తాను.

ముందు తేల్చుకోవాల్సింది పిల్లలు చివరికి ఏ పరీక్ష రాస్తారు అని. మన వైపు ఇంట్లో చదివే పిల్లల్లో చాలామంది పదో తరగతి ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ బోర్డు) గానీ ఏపీ ఓపెన్ స్కూల్లో గానీ రాస్తారు. రెండిట్లోనూ 14 ఏళ్ళు నిండాలి. ఎన్‌ఐఓఎస్ పదో తరగతిలో సోషల్ సైన్స్ కోడ్ 213, తెలుగు మీడియం ఉంది, హిస్టరీ జాగ్రఫీ సివిక్స్ అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. ఇంటర్‌కి వస్తే హిస్టరీ 315, జాగ్రఫీ 316 అని విడివిడి సబ్జెక్టులు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఎన్‌ఐఓఎస్ పదిలో సోషల్ తప్పనిసరి కాదు, 5 సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో కనీసం ఒకటి భాష అయితే చాలు. అంటే పిల్లలకి 14 వచ్చేదాకా ఈ రెండు సబ్జెక్టుల్లో పరీక్ష భయం లేకుండా మనకి నచ్చినట్టు చెప్పుకోవచ్చు. ఈ స్వేచ్ఛ చాలా పెద్దది, దాన్ని మళ్ళీ గైడు పుస్తకాలకి, బిట్ పేపర్లకి అప్పజెప్పొద్దు అని నా మనవి. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ, అంటే పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష, అనుకునేవాళ్ళు మాత్రం ఏడో తరగతి వయసు నుంచే ఆ సిలబస్ చూసుకోవాలి, అక్కడ హిస్టరీలో ఆధారాలు చదివి వాదన రాయడం అడుగుతారు, చివరి రెండేళ్ళలో అది ఒక్కసారిగా వచ్చేది కాదు.

తర్వాత వరస. అమెరికా ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించేది నాలుగేళ్ళ చక్రం, మొదటి ఏడు ప్రాచీన కాలం, రెండో ఏడు మధ్యయుగం, తర్వాత రెండేళ్ళు ఆధునికం, అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి ఇంకాస్త లోతుగా. పద్ధతి మంచిదే, పిల్లలకి కాలం వరసగా తెలుస్తుంది. కానీ అందులో ప్రపంచం అంటే ఈజిప్టు, గ్రీసు, రోము, ఇంగ్లండు, అక్కడి నుంచి అమెరికా, భారతదేశం మధ్యలో ఒకటి రెండు చాప్టర్లలో వచ్చి వెళ్ళిపోద్ది. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఆవిడ చెప్పిన పద్ధతి ఇంకొకటి ఉంది, మంచి కథనంలా రాసిన పుస్తకాలు చదివించి, చదివిన వెంటనే పిల్లల చేత సొంత మాటల్లో తిరిగి చెప్పించడం. ఇది మనకి బాగా పనికొస్తుంది, డబ్బు ఖర్చు లేదు, వర్క్‌షీట్లు అక్కర్లేదు, మన ముసలోళ్ళు కథ చెప్పి "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవారు చూడండి, అదే.

నా లెక్క ఇలా ఉంటుంది. పదేళ్ళ లోపు పిల్లలకి దగ్గర నుంచి దూరానికి, ఇల్లు, వీధి, ఊరు, ఏరు, జిల్లా, సముద్రం. వాళ్ళకి క్రీస్తు పూర్వం అంటే ఏటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పది నుంచి పదమూడు దాకా మన దేశ చరిత్రని ఒకసారి మొదటి నుంచి చివరికి వరసగా, పక్కనే ప్రపంచంలో అదే టైమ్‌లో ఏం జరుగుతుందో చూపిస్తూ. ఆ తర్వాత పరీక్ష పుస్తకం. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే హిస్టరీ వేరువేరుగా చెప్పక్కర్లేదు, ఒకటే కాలం అందరికీ, చిన్నోళ్ళు బొమ్మ గీస్తారు, పెద్దోళ్ళు పేజీ రాస్తారు.

ఇప్పుడు అసలు పుస్తకం. ఏడాది పొడవునా పట్టుకుని నడవడానికి ఒక్కటే పుస్తకం ఉండాలి, మిగతావన్నీ దానికి తోడు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ద్విభాషలో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు పక్క పేజీ తెలుగు, పీడీఎఫ్‌లు ఫ్రీగా దొరుకుతాయి. తెలుగు ఇంకా గట్టిపడని పిల్లలకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదండి, తెలుగు పేజీ చదివించి తిరిగి చెప్పించండి, అర్థం కాని చోట పక్క పేజీ చూసుకుంటారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కూడా ఫ్రీ పీడీఎఫ్‌లే, ఇంగ్లీషు హిందీ ఉర్దూలో. వాళ్ళవి 2024లో ఆరో తరగతి నుంచి మారాయి, ఇదివరకు హిస్టరీ జాగ్రఫీ సివిక్స్ మూడు పుస్తకాలుండేవి, కొత్తదాంట్లో మూడూ కలిపి ఒకే పుస్తకం చేశారు. పాతవాటిని చాలామంది ఇప్పటికీ దాచుకున్నారు, మీ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, మీ పిల్లలకి ఏది ఎక్కితే అదే పట్టుకోండి, కొత్తది కాబట్టి మంచిది, పాతది కాబట్టి మంచిది అనేది లేదు.

ఏ పుస్తకమైనా మీకు పనికొస్తుందో లేదో చూడ్డానికి నేను ఎవరు అడిగినా చెప్పే పద్ధతి ఒకటుంది. కళింగ యుద్ధం ఉన్న పేజీ తీయండి. క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో అశోకుడు కళింగ మీదకొచ్చాడు, చాలామంది చనిపోయారు, ఆయన బాధపడ్డాడు, బౌద్ధం వైపు తిరిగాడు, ఇంతే రాసి వదిలేస్తే ఆ పుస్తకంలో కళింగ వాళ్ళు చనిపోవడానికి తప్ప ఇంకెందుకూ లేరన్నమాట. కళింగ అంటే మనమే కదండి, మహానది నుంచి ఇటు మన వంశధార, నాగావళి దాకా. అక్కడ ఎవరుండేవారు, ఆ తీరం ఎందుకు కావాల్సి వచ్చింది, ఓడరేవులేంటి, వ్యాపారమేంటి, కనీసం ఒక ప్రశ్న అయినా ఆ పుస్తకం పిల్లల్ని అడుగుతుందా? అడిగితే మంచి పుస్తకం. అడక్కపోతే ఆ ప్రశ్న మీరే అడగాలి.

ఇంకా లోతుకి వెళ్ళాలంటే ఒక్క ఆధారం చాలు. యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయారని, తనకి పశ్చాత్తాపం కలిగిందని అశోకుడు చెప్పుకున్నది 13వ శిలాశాసనంలో. ఆ శాసనం దూరంగా వేరే చోట్ల చెక్కించాడు. కళింగలో ఉన్న రెండు చోట్ల, భువనేశ్వర్ దగ్గర ధౌలిలో, గంజాం జిల్లా జౌగడలో, ఆ 13వ శాసనం లేదు. దాని బదులు ప్రజల్ని బిడ్డల్లా చూసుకోమని అధికారులకి చెప్పే వేరే శాసనాలు పెట్టించాడు. ఎందుకు పెట్టలేదు? పన్నెండేళ్ళ పిల్లల్ని ఇది అడిగి చూడండి, గంటసేపు మాట్లాడతారు. ఓడిపోయిన వాళ్ళ ముందు ఆ మాట చెప్పడం ఇష్టం లేదా, వాళ్ళకి మళ్ళీ కోపం వస్తుందనా, సమాధానం ఒకటే అని లేదు. హిస్టరీ అంటే ఇలా ఆలోచించడం, తేదీలు దానికి సాయం చేస్తాయంతే.

సరే, మొదట్లో చెప్పిన ఏరు సంగతికి వస్తాను, వంశధారనే తీసుకుందాం. ఒడిశా కొండల్లో పుట్టి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, ముఖలింగం పక్క నుంచి, శాలిహుండం కొండ కింద నుంచి వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నాలుగు చోట్లని మ్యాప్ మీద పిల్లల చేత గుర్తు పెట్టించండి, రెండు సబ్జెక్టులకీ సగం ఏడాది పని అక్కడే ఉంది. శాలిహుండంలో బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఏటి ఒడ్డున కొండ మీద ఎందుకు కట్టారు, రేవు దగ్గర్లో ఉండబట్టి వ్యాపారులు వచ్చేవారు, వాళ్ళు ఇచ్చే దానాలతో నడిచేవి, ఇది హిస్టరీనా జాగ్రఫీనా చెప్పండి. ముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అంటారు, ఆ వంశంలో అనంతవర్మ చోడగంగుడు 12వ శతాబ్దంలో రాజధానిని కటకం (ఇప్పటి కటక్) వైపు మార్చాడు, పూరీ జగన్నాథుడి గుడి ఇప్పుడున్నది మొదలుపెట్టింది ఆయనే. రాజధాని ఇక్కడి నుంచి అక్కడికి ఎందుకు పోయింది అని మ్యాప్ ముందు పెట్టి అడగండి. గొట్టా దగ్గర కాలవలు చూపించి నీళ్ళ పంపకం చెప్పండి, ఆంధ్రా ఒడిశా మధ్య వంశధార ట్రిబ్యునల్ 2010లో వేశారు, 2017లో తీర్పు వచ్చింది, సివిక్స్ పాఠం కూడా అయిపోయింది.

విజయనగరం వైపు వాళ్ళకి ఇంకో గట్టి దారం ఉంది, బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు ఒక పక్క, బొబ్బిలి రంగారావు, తాండ్ర పాపారాయుడు ఇంకో పక్క. దీన్ని బొబ్బిలిలో చెప్పే తీరు వేరు, విజయనగరంలో చెప్పే తీరు వేరు, విజయనగరం అమ్మవారు పైడితల్లమ్మ కథలో ఆవిడ విజయరామరాజు చెల్లెలు, ఇంగ్లీషువాళ్ళ తరఫున రాబర్ట్ ఆర్మ్ రాసుకున్నది ఇంకోలా ఉంటుంది. బుర్రకథ విననివ్వండి, పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూపించండి, తర్వాత ఎవరు ఏ వైపు నుంచి చెప్తున్నారో రాయించండి. వయసు పదకొండు దాటిన పిల్లలకి ఇది బ్రహ్మాండంగా పని చేస్తుంది. ఆ తర్వాత గోడ మీద కాలరేఖలో అదే 1757 జూన్ 23 దగ్గర బెంగాల్లో జరిగిన ప్లాసీ యుద్ధం పెట్టించండి, అయిదు నెలలు తేడా. ఇక్కడ ఫ్రెంచివాళ్ళు గెలుస్తున్నారు, అక్కడ ఇంగ్లీషువాళ్ళు గెలుస్తున్నారు, మరుసటి ఏడు 1758లో చందుర్తి దగ్గర ఇదే విజయనగరం సంస్థానం ఇంగ్లీషువాళ్ళతో కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించింది. ఎందుకు అటు తిరిగింది? 1794లో పద్మనాభంలో అదే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతిలో విజయనగరం రాజు చనిపోయాడు. ఈ వరస పట్టుకుంటే కంపెనీ పాలన ఎలా వచ్చిందో పిల్లలకి మన ఊళ్ళ పేర్లతోనే అర్థమైపోద్ది, పాఠ్యపుస్తకం ఆ తర్వాత చదివితే అన్నీ తెలిసిన సంగతుల్లా ఉంటాయి.

కాలరేఖ అన్నాను కదా, కొనొద్దు. తెల్ల కాగితాలు అతికించి గోడకి కట్టండి, శతాబ్దానికి పది సెంటీమీటర్లు పెడితే అశోకుడి నుంచి ఇప్పటిదాకా రెండున్నర మీటర్ల లోపే సరిపోద్ది. పైన దేశం, కింద మన జిల్లా.

జాగ్రఫీకి బయట దేశం ప్యాకేజీ వద్దు అని గట్టిగా ఎందుకు చెప్తానంటే, అందులో ఉన్న ఆకాశం మనది కాదు. అక్కడి పుస్తకాల్లో మిట్టమధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే ఉంటుంది అని రాస్తారు, వాళ్ళకి అది నిజమే. శ్రీకాకుళం 18 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశంలో, కర్కటరేఖకి కింద ఉంది, అందుకని సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తి మీదకొస్తాడు, మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో నిలువు కర్ర పాతితే నీడ కర్ర కిందకే వెళ్ళిపోద్ది. ఆ రెండు రోజుల మధ్యలో నీడ దక్షిణానికి పడుతుంది. మే నుంచి ఆగస్టు దాకా వారానికోసారి అదే చోట కర్ర పాతి నీడ కొలిపించండి, అక్షాంశాలు, ఋతువులు రెండూ అయిపోతాయి, ఢిల్లీలో ఉన్న పిల్లలు ఈ నీడ మాయమవడం చూడలేరు, వాళ్ళు కర్కటరేఖకి పైన ఉన్నారు. వర్షాకాలంలో మబ్బు పట్టి జూలైది కనపడకపోవచ్చు, మేలోదే నమ్ముకోండి. అలాగే వాళ్ళ నాలుగు ఋతువులు, రాలే ఎర్రటాకులు, మంచు, ఇవన్నీ తర్వాత ఎప్పుడైనా తెలుసుకుంటారు, ముందు తెలియాల్సింది రుతుపవనం, తుఫాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. రెండూ అక్టోబరే ఎందుకు? సముద్రం ఇంకా వేడిగా ఉంటుంది, నైరుతి వెనక్కి పోతున్నప్పుడు కింద గాలికీ పై గాలికీ తేడా తగ్గి సుడి నిలబడే వీలుంటుంది. ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి తోటలు చూసిన పిల్లలకి ఈ పాఠం వేరే బొమ్మలతో చెప్పక్కర్లేదు.

అట్లాస్ మాత్రం డబ్బు పెట్టి మంచిది కొనండి, అన్నిటికన్నా ఎక్కువ వాడేది అదే. షాపులో నిలబడి మూడు చూసుకోండి, తెలంగాణ వేరుగా ఉందా, అంటే 2014 తర్వాతదా, లడాఖ్ వేరుగా ఉందా, అంటే 2019 తర్వాతదా, పార్వతీపురం మన్యం జిల్లా ఉందా, అంటే 2022 ఏప్రిల్ తర్వాతదా. బయట దేశంలో అచ్చయిన వాటిల్లో మన కాశ్మీర్ సరిహద్దు వేరేగా గీస్తారు, పిల్లలు ఇక్కడ పరీక్షలో అలా గీస్తే తప్పు, అందుకని మ్యాప్ పాయింటింగ్‌కి మన దేశంలో వేసిన అట్లాసే వాడాలి. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు వాళ్ళ సైటులో రిజిస్టరయితే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మీ మండలం షీటు ప్రింటు తీయించండి, చెరువు, గుట్ట, కాలిబాట అన్నీ ఉంటాయి, దాన్ని పట్టుకుని పిల్లలతో నడవండి. ఇస్రో వాళ్ళ ఉపగ్రహ మ్యాపుల సైటు భువన్‌లో అదే చోటుని పైనుంచి చూపించండి.

జిల్లా హద్దులు కూడా మంచి పాఠమే. పార్వతీపురం వాళ్ళుంటే ఇంట్లో పెద్దల్ని అడగండి, 1950కి ముందు విశాఖపట్నం జిల్లా, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి మన్యం, కదలకుండా ఒకే ఊళ్ళో ఉండి నాలుగు జిల్లాలు. శ్రీకాకుళమేమో 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది. ఎవరు గీస్తారు ఈ గీతలు, భాష బట్టా, ఏరు బట్టా, ఆఫీసుల వీలు బట్టా?

పెద్ద పిల్లలకి, అంటే పదమూడు దాటాక, ఇటీవలి చరిత్ర దాటవేయొద్దు. మందస జమీందారీ మీద 1940లో రైతులు తిరగబడటం, పోలీసు కాల్పుల్లో చనిపోయిన వీరగున్నమ్మ, 1967 తర్వాత ఏజెన్సీలో గిరిజన పోరాటం, బతుకుతెరువుకి రంగూన్ ఓడలెక్కిన మన తాతలు, 1942లో బర్మా మీదకి జపాన్ యుద్ధం వచ్చి వాళ్ళలో ఎంతోమంది నడిచి తిరిగి రావడం. ఇవి రెడీమేడ్ కరికులమ్‌లో దొరకవు, ముసలోళ్ళ నోట్లో ఉన్నాయి. ఫోన్‌లో రికార్డు చేయించండి, ముందే అడగాల్సిన ప్రశ్నలు పిల్లల చేతే రాయించండి, చెప్పినదాన్ని మ్యాప్ మీద పెట్టించండి. మన మత్స్యకారులు ఇప్పటికీ గుజరాత్ వేరావల్ దాకా వెళ్తున్నారు, 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన 20 మంది 2020 జనవరిలో తిరిగొచ్చారు, ఇంత తీరం ఉండి అంత దూరం ఎందుకు పోవాలి అన్నది జాగ్రఫీలో నాకు తెలిసి అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

చూడ్డానికి వెళ్ళడం పాఠంతో కలపాలి, ఊరికే పిక్నిక్ కాకూడదు. జూన్‌లో ఏరు, కాలవలు, నీళ్ళు వదిలినప్పుడు. సెప్టెంబరు అక్టోబరు నుంచి తేలినీలాపురంలో కొంగలు, పెలికాన్లు దిగుతాయి, వలస పాఠం అప్పుడు పెట్టుకోండి. శాలిహుండం, రామతీర్థం, దంతవరపుకోట లాంటి ఎండలో నడవాల్సినవన్నీ డిసెంబరు జనవరిలో. అరసవల్లి రథసప్తమికి భక్తితో వెళ్ళండి, పాఠానికి మాత్రం మామూలు రోజు వెళ్ళాలి, శాసనాల దగ్గర నిలబడే వీలుంటుంది. శ్రీకూర్మంలో స్తంభాల మీద శాసనాలు చూపించి అక్షరాలు ఎంతవరకు పోల్చుకోగలరో చూడండి.

వారానికి హిస్టరీ రెండు రోజులు, జాగ్రఫీ రెండు రోజులు, గంట మించొద్దు. చదవడం, తిరిగి చెప్పడం, మ్యాప్ మీదో కాలరేఖ మీదో ఒక గుర్తు పెట్టడం, అంతే, రోజూ రాత పని వద్దు. నెలాఖరున ఒక పెద్ద ప్రశ్నకి పేజీన్నర రాయించండి, తేదీలు పెట్టి దాచుకోండి, రేపు ఎవరైనా ఏం చదివారు అని అడిగితే చూపించడానికి ఆ ఫైలు ఉంటుంది.

పుస్తకం పిల్లలకి ఎక్కట్లేదని దసరాకి గానీ తెలియదు, అప్పటిదాకా మార్చకండి, మార్చేటప్పుడు కూడా కాలరేఖ, అట్లాస్, ఏరు అలాగే ఉంచి పుస్తకం ఒక్కటే మార్చండి. ఏప్రిల్‌లోనే పీడీఎఫ్‌లు దించి కళింగ పేజీ, నదుల పేజీ ప్రింటు తీసి పిల్లల చేత చదివించి చూడండి, మే రెండో వారానికి ఆరుబయట ఒక నిలువు కర్ర సిద్ధం చేసుకోండి, జూన్‌కి టోపో షీటు గోడ మీద ఉండాలి.